బ్రౌజర్‌లో ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

దోస్త్ డిగ్రీ అడ్మిషన్లు, ఎప్‌సెట్ కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్ రెన్యువల్. ఈ సీజన్లు మొదలైతే చాలు, హనుమకొండ నెట్ సెంటర్ల నుంచి, పరకాల, నర్సంపేట, జనగామ వైపు నుంచి అవే డౌట్లు వస్తుంటాయి. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి “అన్నా, ఇదేంది?” అని అడుగుతారు. పదే పదే అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాం. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## హెచ్చరిక కనబడగానే

ఎర్ర త్రికోణం వచ్చింది. నా కంప్యూటర్ హ్యాక్ అయిందా?

చాలాసార్లు కాదు. మీరు సైట్ తెరవగానే బ్రౌజర్ ఆ సైట్‌ను సర్టిఫికెట్ అడుగుతుంది. అంటే తనెవరో చూపించే గుర్తింపు పత్రం. అందులో ముఖ్యంగా మూడు విషయాలు చూస్తుంది. సర్టిఫికెట్ మీద ఉన్న పేరు, మీరు కొట్టిన అడ్రస్ ఒకటేనా? గడువు ఉందా? ఇచ్చిన సంస్థ బ్రౌజర్ నమ్మే జాబితాలో ఉందా? వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా పేజీని అక్కడే ఆపి ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అంటుంది. అంటే అవతల ఉన్నది నిజంగా ఆ సైటేనని బ్రౌజర్ తేల్చుకోలేకపోయింది. తప్పు మీ సిస్టమ్‌లో ఉండొచ్చు, మధ్యలో నెట్‌లో ఉండొచ్చు, సైట్ నడిపేవాళ్ల దగ్గర ఉండొచ్చు. ఎక్కడో తేలకముందే సెట్టింగులు మార్చడం మొదలుపెడితే ఉన్న ఒక సమస్య రెండవుతుంది.

తప్పు నా దగ్గరనా, సైట్ దగ్గరనా? ఎట్ల తెల్సుకోవాలె?

ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద అదే సైట్ తెరవండి. అక్కడా హెచ్చరిక వస్తే తప్పు దాదాపుగా సైట్‌దే. ఫోన్‌లో బాగానే తెరుచుకుంటే, అదే ఫోన్ హాట్‌స్పాట్‌కు కంప్యూటర్‌ను కలిపి చూడండి. ఇప్పుడు తెరుచుకుంటే తేడా మీ వైఫైలోనో బ్రాడ్‌బ్యాండ్‌లోనో ఉంది. ఇంకా రాకపోతే కంప్యూటర్‌లోనే ఉంది. రెండు నిమిషాల పని. ఒక్క సైట్ కాకుండా గూగుల్‌తో సహా తెరిచిన ప్రతిదానికీ హెచ్చరిక వస్తుంటే మాత్రం, ఇవన్నీ పక్కన పెట్టి ముందు సిస్టమ్ తేదీ చూడండి.

కింద సన్న అక్షరాలతో ఇంగ్లిష్‌లో ఏదో కోడ్ ఉంటది. అది పనికొస్తదా?

అసలు విషయం అదే చెబుతుంది. మాకు వచ్చే ఫొటోల్లో సరిగ్గా ఆ లైనే కట్ అయిపోయి ఉంటుంది! ‘సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్’ అని ఉంటే తేదీ గొడవ: మీ గడియారం తప్పు, లేదా సైట్ గడువు అయిపోయింది. ‘సర్ట్ అథారిటీ ఇన్‌వాలిడ్’ అంటే సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లను బ్రౌజర్ గుర్తించడం లేదు. యాంటీవైరస్, కాలేజీ ఫైర్‌వాల్, పాత ఫోన్ ఎక్కువగా ఈ కోడ్‌తోనే బయటపడతాయి. ‘సర్ట్ కామన్ నేమ్ ఇన్‌వాలిడ్’ అంటే పేరు కలవలేదు. అప్పుడు అడ్రస్‌ను అక్షరం అక్షరం చూడండి. ‘సర్ట్ రివోక్డ్’ అంటే ఇచ్చినవాళ్లే ఆ సర్టిఫికెట్‌ను రద్దు చేశారు, ముందుకు వెళ్లకండి. ఎవరికైనా ఫొటో పంపేటప్పుడు ఈ కోడ్, పైన అడ్రస్ బార్, మూలన గడియారం మూడూ పడేలా తీయండి.

పేజీ ఓపెన్ అయింది కానీ అడ్రస్ పక్కన ‘నాట్ సెక్యూర్’ అని ఉంది. ఇదీ అదేనా?

కాదు, ఇది వేరు. ఆ సైట్ పాత హెచ్‌టీటీపీ పద్ధతిలో నడుస్తోంది. ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి మీరు టైప్ చేసేది దారిలో ఎవరైనా చదవగలరు, మార్చగలరు. 2018 జులైలో వచ్చిన క్రోమ్ 68 నుంచి ఇలాంటి సైట్లన్నిటికీ ఈ మాట చూపిస్తున్నారు. ముందు అడ్రస్ మొదట్లో హెచ్‌టీటీపీఎస్ అని కొట్టి చూడండి, కొన్ని సైట్లు అలా తెరుచుకుంటాయి. తెరుచుకోకపోతే నోటిఫికేషన్ చదువుకోవడం వరకు పర్వాలేదు. పాస్‌వర్డ్, ఆధార్ నంబర్, కార్డు వివరాలు మాత్రం అందులో కొట్టొద్దు.

తాళం గుర్తు కనబడతలేదు. సైట్ మంచిదో కాదో ఎట్ల తెలుస్తది?

2023 సెప్టెంబర్‌లో వచ్చిన క్రోమ్ 117 నుంచి తాళం బొమ్మ తీసేసి, రెండు గీతలు రెండు చుక్కలున్న సెట్టింగుల గుర్తు పెట్టారు. కారణం న్యాయమైనదే. తాళం ఉంటే సైట్ మంచిదని జనం అనుకునేవారు. దొంగ సైటుకు కూడా సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. కాబట్టి చూడాల్సింది అడ్రస్ చివర. తెలంగాణ ప్రభుత్వ సైట్లు ఎక్కువగా ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తాయి. బ్యాంకుల నెట్‌బ్యాంకింగ్‌ను 2025 అక్టోబర్ 31 లోపు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మార్చమని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. ఆ పేర్లను హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే ఇస్తుంది. ఎవరు పడితే వాళ్లు కొనుక్కోలేరు.

## సిస్టమ్‌లో, ఫోన్‌లో సరిచేసేవి

అన్ని సైట్లకూ వార్నింగ్ వస్తుంది. ఏం చెయ్యాలె?

మూలన ఉన్న గడియారం చూడండి. టైమ్ ఒక్కటే కాదు, సంవత్సరం కూడా. పది నిమిషాల తేడాకు ఏమీ కాదు. సంవత్సరం వెనక్కి పోతే ప్రపంచంలోని సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనట్టే లెక్క. క్రోమ్ చాలాసార్లు ‘యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్’ అని తనే చెప్పేస్తుంది. విండోస్ 10, 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’లో ‘డేట్ అండ్ టైమ్’ తెరవండి. టైమ్ జోన్ కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ ఉన్న లైన్‌కు పెట్టి ‘సింక్ నౌ’ నొక్కండి. తేడా సంవత్సరాల్లో ఉంటే సింక్ ఒప్పుకోకపోవచ్చు. ముందు తేదీ చేత్తో మార్చి, తర్వాత సింక్ చేయండి. ఫోన్‌లో అయితే డేట్ అండ్ టైమ్ ఆటోమేటిక్‌లో ఉంటే చాలు.

తేదీ సరిచేస్తా, మళ్లీ పొద్దున ఆన్ చేస్తే పాత సంవత్సరమే వస్తది. ఎందుకు?

మదర్‌బోర్డు మీద ఉండే చిన్న సెల్ అయిపోయింది. నెట్ సెంటర్లలో, స్కూల్ ల్యాబుల్లో ఇది మామూలే. రాత్రి వెళ్తూ మెయిన్ స్విచ్ కట్టేస్తారు. అక్కడి నుంచి తెల్లారేదాకా గడియారాన్ని నడిపేది ఆ సెల్ ఒక్కటే. ఎండాకాలం సెలవుల్లో నెలన్నర కట్టేసి ఉంచిన ల్యాబ్ జూన్‌లో తెరిస్తే సగం సిస్టమ్‌లు పాత తేదీతో లేస్తాయి.

సెల్ పేరు సీఆర్ 2032, మూడు వోల్టులది, రూపాయి బిళ్లంత ఉంటుంది. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. పవర్ కేబుల్ పూర్తిగా పీకేసి, క్యాబినెట్ పక్క రేకు తీయండి. లోపల దేన్నైనా ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుముకు ఒకసారి చెయ్యి ఆనించండి. సెల్ పక్కన చిన్న క్లిప్ ఉంటుంది. దాన్ని గోటితో పక్కకు నొక్కితే సెల్ ఒకవైపు పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టి, టిక్కుమనే దాకా నొక్కండి. ఆన్ చేశాక డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొట్టి బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) తేదీ, టైమ్ పెట్టి సేవ్ చేయండి. డెస్క్‌టాప్‌కు ఇంత సులువు. ల్యాప్‌టాప్ అయితే విప్పడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

యాంటీవైరస్ వల్ల కూడా ఇట్ల అయితదా?

అవుతుంది. కొన్ని యాంటీవైరస్‌లు మీకూ సైట్‌కూ మధ్యలో నిలబడి, ఎన్‌క్రిప్ట్ అయిన పేజీలను కూడా విప్పి చూస్తాయి. అందుకోసం సైట్ సర్టిఫికెట్ బదులు తమది చూపిస్తాయి. లైసెన్స్ అయిపోయినా, సగం తీసేసి వదిలినా అక్కడ బెడిసికొడుతుంది. హెచ్చరిక పేజీ అడ్రస్ పక్కనున్న ‘నాట్ సెక్యూర్’ మీద నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరవండి. ‘ఇష్యూడ్ బై’ దగ్గర మీ యాంటీవైరస్ పేరు కనబడితే దొంగ దొరికినట్టే. దాని సెట్టింగుల్లో ‘హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్’ ఆపండి. గడువు తీరిన యాంటీవైరస్ అయితే మొత్తం తీసేయండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. ‘ఇష్యూడ్ బై’ దగ్గర మీరెప్పుడూ వినని పేరేదో ఉంటే, క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో ఏదైనా దూరిందేమో అనుమానించాలి. పూర్తి స్కాన్ అయ్యేదాకా ఆ సిస్టమ్‌లో బ్యాంకు పని వద్దు.

మా సెంటర్‌లో ఇంకా విండోస్ 7 ఉంది. దానికి మందు ఉందా?

కొంతవరకే. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ఆగింది. క్రోమ్ ఆ సిస్టమ్‌లలో 109 దగ్గరే నిలిచిపోయింది. కొత్త సర్టిఫికెట్ సంస్థలు వచ్చేకొద్దీ పాత బ్రౌజర్‌కు అవి తెలియక హెచ్చరికలు పెరుగుతాయి. ఫైర్‌ఫాక్స్ తన నమ్మకస్థుల జాబితాను తనే మోసుకొస్తుంది కాబట్టి, విండోస్ 7 మీద నడిచే ఆఖరి రకం ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్‌తో కొన్ని సైట్లు తెరుచుకుంటాయి. కానీ మీ సెంటర్‌లో నలుగురూ వచ్చి తమ పాస్‌వర్డులు కొడతారు. అలాంటి చోట విండోస్ 7 నడపడం వాళ్లకు న్యాయం కాదు. ర్యామ్ పెంచి ఎస్ఎస్‌డీ వేస్తే చాలా పాత డెస్క్‌టాప్‌లు లైనక్స్ మీద హాయిగా నడుస్తాయి.

అమ్మ పాత ఫోన్‌లో చాలా సైట్లు తెరుచుకోవట్లేదు. నా ఫోన్‌లో వస్తున్నాయి.

ఆమె ఫోన్ ఆండ్రాయిడ్ వెర్షన్ చూడండి. చాలా సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్. దాని సర్టిఫికెట్లను పాత పరికరాలు నమ్మడానికి ఆధారమైన రూట్ (మూల సర్టిఫికెట్) గడువు 2021 సెప్టెంబర్ 30న ముగిసింది. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్ల కోసం ఒక సర్దుబాటు చేశారు గానీ, అదీ 2024తో అయిపోయింది. ఫోన్ చెడిపోలేదు, దానికి కొత్త జాబితా ఇచ్చేవాళ్లు లేరు, అంతే. కాల్స్‌కు ఉంచుకోండి. డబ్బు కట్టే పనులు వేరే ఫోన్‌లో చేయించండి.

కాష్, కుకీలు క్లియర్ చేస్తే పోతదంటరు. నిజమేనా?

సర్టిఫికెట్ తప్పుకు కాష్‌తో సంబంధం దాదాపు లేదు. ఉన్న లాగిన్లన్నీ పోయి, పాస్‌వర్డ్ గుర్తులేక కొత్త టెన్షన్ మొదలవుతుంది. దానికంటే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో విండోలో చూడండి. అక్కడ తెరుచుకుంటే ఏదో ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతోంది. ఒక్కోటి ఆపుతూ పట్టుకోవచ్చు.

## వైఫై, బ్రాడ్‌బ్యాండ్

కాజీపేట స్టేషన్‌లో వైఫై కలిపితే ఏ సైట్ కొట్టినా వార్నింగే. ఎందుకు?

స్టేషన్ వైఫై ముందు తన లాగిన్ పేజీ చూపించి, ఫోన్ నంబర్, ఓటీపీ అడగాలి. ఆ పేజీ కోసం మీరు కొట్టిన సైట్‌కు బదులు తను జవాబిస్తుంది. మీరు కొట్టింది హెచ్‌టీటీపీఎస్ సైట్ అయితే బ్రౌజర్ “ఇది నువ్వు అడిగిన సైట్ కాదు” అని ఆపుతుంది. అది దాని ధర్మం. వైఫై తీసి మళ్లీ కలిపితే ‘సైన్ ఇన్’ నోటిఫికేషన్ వస్తుంది, దాని మీద నొక్కండి. రాకపోతే ‘నెవర్ఎస్ఎస్ఎల్ డాట్ కామ్’ అనే సైట్ కొట్టండి. అది కావాలనే ఎన్‌క్రిప్షన్ లేకుండా నడిపే సైట్ కాబట్టి లాగిన్ పేజీ నేరుగా వచ్చేస్తుంది. హెచ్చరికను దాటుకుని మాత్రం వెళ్లకండి.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్. పొద్దటి నుంచి అన్ని సైట్లకూ వార్నింగ్. తేదీ కరెక్టుగానే ఉంది.

నెల ప్లాన్ అయిపోయిందేమో చూడండి. బిల్లు కట్టకపోతే కొన్ని కంపెనీలు ఏ సైట్ కొట్టినా తమ చెల్లింపు పేజీకి మళ్లిస్తాయి. ఆ మళ్లింపే ఇలా హెచ్చరికగా కనబడుతుంది. మొబైల్ డేటా మీద కంపెనీ యాప్ తెరిచి కట్టి, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. బిల్లు కట్టే ఉన్నా వస్తుంటే రూటర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేది) ఎవరైనా మార్చారేమో చూడాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా ‘అడ్మిన్’ అనే ఉన్న రూటర్లకు అది జరగని పని కాదు. రూటర్‌ను రీసెట్ చేయించి, పాస్‌వర్డ్ మార్చండి.

హాస్టల్ వైఫైకి ఏదో సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకొమ్మన్నరు. చేసుకోవచ్చా?

చేసుకుంటే ఏమవుతుందో తెలుసుకుని చేసుకోండి. కాలేజీ ఫైర్‌వాల్ ఎన్‌క్రిప్ట్ అయిన పేజీలను కూడా విప్పి చూడటానికి ఆ సర్టిఫికెట్ అడుగుతుంది. అది వేశాక హెచ్చరికలు పోతాయి, మీ బ్రౌజింగ్ మాత్రం వాళ్లకు కనబడుతుంది. ల్యాబ్ కంప్యూటర్‌లో ఉంటే అది వాళ్ల సిస్టమ్, వాళ్ల ఇష్టం. మీ సొంత ఫోన్‌లో మాత్రం వద్దనే మా మాట. తప్పనిసరైతే ల్యాప్‌టాప్‌లో వేసుకుని, బ్యాంకు పనులు, సొంత మెయిల్ మొబైల్ డేటా మీద చూసుకోండి. కోర్సు అయిపోయాక ఆ సర్టిఫికెట్ తీసేయడం మర్చిపోవద్దు.

## ‘ప్రొసీడ్’ నొక్కాలా, వద్దా

ఇయ్యాలే ఫీజు లాస్ట్ డేట్. సైట్‌లో వార్నింగ్. నొక్కి కట్టేయనా?

ముందు అది సర్టిఫికెట్ హెచ్చరికేనా చూడండి. చివరి రోజు రద్దీకి వచ్చే ‘502’, ‘టైమ్డ్ అవుట్’ లాంటివి వేరు. సర్వర్ అలిసిపోయింది, రాత్రి పదకొండు తర్వాతో తెల్లవారుజామునో ప్రయత్నించాల్సిందే.

సర్టిఫికెట్ హెచ్చరికే అయితే వివరాలు తెరిచి చూడండి. పేరు సరిగ్గా ఉంది, గడువు మాత్రం నిన్నో మొన్ననో అయిపోయింది అంటే, ఎవరో రెన్యువల్ మర్చిపోయారని అర్థం. బస్ పాస్ గడువు దాటినంత మాత్రాన పిల్లవాడు మారిపోడు కదా. అలాంటప్పుడు నోటిఫికేషన్ చదవడం, ఖాళీ ఫారం డౌన్‌లోడ్ చేసుకోవడం వరకు ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి వెళ్లినా పెద్ద ప్రమాదం లేదు. పాస్‌వర్డ్, కార్డు, ఓటీపీ కొట్టాల్సి వస్తే ఆగండి. తేదీ, టైమ్ పడేలా స్క్రీన్‌షాట్ తీసి హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ చేయండి. గడువు పొడిగించమని అడగడానికి అదే మీ రుజువు. మీసేవలో కట్టే వీలుంటే అటు వెళ్లండి. పేరు కలవకపోయినా, ఇచ్చిన సంస్థ తెలియనిదైనా చివరి రోజైనా సరే కట్టొద్దు.

కొన్ని సైట్లకు ‘ప్రొసీడ్’ బటనే రాదు. ఎందుకు?

ఆ సైట్ బ్రౌజర్‌కు ముందే చెప్పి పెట్టింది: “నన్ను సురక్షితంగా తప్ప తెరవొద్దు” అని. దీన్నే హెచ్ఎస్‌టీఎస్ అంటారు. గూగుల్ లాంటి పెద్ద సైట్లు ఇలాగే చేస్తాయి. దీన్ని దాటే చిట్కాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. మీ తేదీ, వైఫై సరిచూసుకోండి. కారణం ఎక్కువసార్లు వాటిలోనే ఉంటుంది.

జీఎస్టీ సంతకం పెట్టేటప్పుడు 127.0.0.1 అని వచ్చి వార్నింగ్ చూపిస్తది. ఇది వైరసా?

కాదు. 127.0.0.1 అంటే మీ కంప్యూటరే. డిజిటల్ సంతకం టోకెన్‌తో మాట్లాడటానికి ఒక చిన్న ప్రోగ్రామ్ మీ సిస్టమ్‌లోనే నడుస్తుంది. వేలిముద్ర మెషీన్లకూ ఇలాంటిదే ఉంటుంది. వాటి సర్టిఫికెట్ బయటి సంస్థ ఇచ్చింది కాదు కాబట్టి బ్రౌజర్ గుర్తుపట్టదు. ఆ ప్రోగ్రామ్‌ను అసలు పోర్టల్ నుంచే దించుకున్నారని మీకు తెలిస్తే ఒప్పుకోవచ్చు. ఇంట్లో రూటర్ పేజీ 192.168.1.1 విషయమూ అంతే. కానీ ఫోన్‌లో ఎవరో “ఎనీడెస్క్ పెట్టుకో, నేను సెట్ చేస్తా” అని ఇవే అంకెలు చెబితే ఫోన్ పెట్టేయండి.

ప్రభుత్వ సైట్లకే ఎందుకు ఎక్కువ వస్తాయి?

కొంత నిర్వహణలో జాప్యం. కొంత పాత కథ. 2014 జులైలో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ సర్టిఫికెట్ విభాగం నుంచి గూగుల్ సైట్ల పేరుతో అనుమతి లేని సర్టిఫికెట్లు బయటికి వచ్చాయి. సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ల మీద కేంద్ర నియంత్రణ సంస్థ సీసీఏ వెంటనే వాటి ఆధారాన్ని రద్దు చేసింది, గూగుల్ కూడా ఆంక్షలు పెట్టింది. మన దేశపు సీసీఏ రూట్ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ జాబితాల్లో లేదు. అందుకని ఇప్పుడు ప్రభుత్వ సైట్లు చాలావరకు బయటి సంస్థల సర్టిఫికెట్లే వాడుతున్నాయి. ఎక్కడైనా పాత పద్ధతిదే మిగిలిపోతే బ్రౌజర్ ‘అథారిటీ ఇన్‌వాలిడ్’ అంటుంది.

వార్నింగ్ దాటి పాస్‌వర్డ్ కొట్టేసిన. ఇప్పుడేం చెయ్యాలె?

వేరే నెట్ మీద, వేరే పరికరం నుంచి ఆ పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో అక్కడా మార్చండి. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి. డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

## సొంత సైట్ ఉన్నవాళ్లకు

మా స్కూల్ సైట్ తెరిస్తే పేరెంట్స్‌కు వార్నింగ్ వస్తుందట. డొమైన్ డబ్బులు కట్టినం కదా?

డొమైన్ వేరు, సర్టిఫికెట్ వేరు. డొమైన్ కట్టినా సర్టిఫికెట్ దాని గడువు ప్రకారం అది అయిపోతుంది. హోస్టింగ్ ప్యానెల్‌లో ‘ఎస్ఎస్ఎల్’ (సర్టిఫికెట్‌ను అక్కడ అలాగే పిలుస్తారు) దగ్గర ఆటో రెన్యువల్ ఉందో లేదో చూడండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ 90 రోజులే ఉంటుంది. గడువు దగ్గర పడుతోందని మెయిల్ పంపడం వాళ్లు 2025 జూన్‌లో ఆపేశారు. మెయిల్ వస్తుందిలే అని కూర్చుంటే రాదు.

డిజైనర్ ఏటా ఎస్ఎస్ఎల్‌కు డబ్బులు అడుగుతుండు. కట్టాలా?

ఉచిత సర్టిఫికెట్‌కూ కొన్నదానికీ ఎన్‌క్రిప్షన్‌లో తేడా లేదు. స్కూలుకు, దుకాణానికి, చిన్న ఆసుపత్రికి ఉచితమే చాలు. ఆయన నిర్వహణకు డబ్బు అడుగుతుంటే అది వేరే మాట, పని చేస్తే ఇవ్వాల్సిందే. బిల్లు మీద ఏది రాశారో చూడండి.

రెన్యూ చేసినం, అయినా పాతదే చూపిస్తుంది.

కొత్త ఫైల్ వచ్చింది గానీ వెబ్ సర్వర్ దాన్ని ఇంకా చదవలేదు. సర్వర్‌ను రీలోడ్ చేయండి. సర్వర్‌కు ముందు సీడీఎన్ (సైట్ కాపీని దగ్గరి సర్వర్ల నుంచి అందించే సర్వీసు) ఏదైనా పెట్టి ఉంటే అక్కడి సర్టిఫికెట్ కూడా చూడండి. ల్యాప్‌టాప్‌లో వస్తూ కొన్ని ఫోన్లలో రాకపోతే, మీ సర్టిఫికెట్‌కూ రూట్‌కూ మధ్యలో ఉండే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పెట్టడం మర్చిపోయి ఉంటారు. ‘ఫుల్ చైన్’ అని ఉన్న ఫైల్ పెట్టాలి.

ఏడాదికోసారి చేత్తో మార్చుకుంటే సరిపోదా?

ఇక కుదరదు. సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2020 సెప్టెంబర్ నుంచి 398 రోజులు. 2026 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి అది 200 రోజులే. 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. కాబట్టి ఇప్పుడే ఆటో రెన్యువల్ పెట్టించుకోండి. పెట్టించాక మొదటి రెన్యువల్ తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, ఆ రోజు సైట్ తెరిచి కొత్త తేదీ పడిందో లేదో మీ కళ్లతో చూసుకోండి.